పై అరలోని జాడీ

గురువు గది ముందు హుయ్‌లిన్ చాలాసేపు నిలబడ్డాడు. చేతిలో మట్టి జాడీ ఉంది. జాడీలో మూడేళ్ళ నాటి కమలా తొక్కలున్నాయి. తలుపు తీసే ఉంది. లోపల గురువు దావ్‌పింగ్ చిరిగిన అంగీకి మాసిక వేసుకుంటున్నాడు. అయినా హుయ్‌లిన్ కాలు గడప దాటలేదు.

"జాడీ బరువుగా ఉందా?" అన్నాడు గురువు, తలెత్తకుండానే.

"బరువు కాదు గురువుగారూ. వాసన లేదు."

గురువు సూది పక్కన పెట్టి చెయ్యి చాచాడు. జాడీలోంచి ఒక తొక్క తీసి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నాలుక మీద వేసుకున్నాడు. మళ్ళీ సూది అందుకున్నాడు.

అలా సూది అందుకోవడం హుయ్‌లిన్‌కు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

చైనా దేశానికి దక్షిణాన, ఒక పెద్ద నది పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట ఆ మఠం ఉంది. వానాకాలంలో నది పొంగి సముద్రాన్ని వెనక్కి నెడుతుంది. చలికాలంలో నది బక్కచిక్కిపోతుంది. అప్పుడు పోటు వచ్చినప్పుడల్లా సముద్రం పాయల్లోకి ఎక్కి వస్తుంది. కొన్నాళ్ళు మంచినీరు, కొన్నాళ్ళు ఉప్పు కలిసిన నీరు. ఆ రెండు నీళ్ళూ మోసుకొచ్చి పోసిన ఒండ్రులో మఠంవారి కమలా తోట ఉంది. నూట నలభై చెట్లు.

అక్కడివాళ్ళకు పండుతో పెద్దగా పని లేదు. గుజ్జు పశువులకు వేసి తొక్క దాచుకుంటారు. కాయకు గాటు పెట్టి, తొక్కను మూడు రెక్కలుగా విప్పి, లోపలి తెలుపు పైకి వచ్చేలా తిరగేసి ఎండబెడతారు. జాడీకెత్తి, ఏటా ఒకసారి మళ్ళీ ఎండ చూపిస్తారు. మూడేళ్ళు గడిస్తే గానీ దాన్ని తొక్క అనరు. అప్పుడు కొండ ప్రాంతాల నుంచి వచ్చిన టీ ఆకుతో కలిపి కాస్తే, ఆ కప్పు తాగినవాడి గొంతు, ఛాతీ రెండూ విచ్చుకుంటాయి. అలాగని ఏ నేల తొక్కైనా పనికిరాదు. అదే మొక్క తీసుకెళ్ళి ఇంకోచోట నాటినవాళ్ళున్నారు. కాయ కాసింది. తొక్క మాత్రం నిలవలేదు.

మఠాన్ని నెలకొల్పిన మూలగురువు కన్నుమూసిన రోజున, ఏటా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పడవల్లో వస్తారు. ఏడాదంతా మఠానికి బియ్యం పోసేది వాళ్ళే. మఠం వాళ్ళకు తిరిగి ఇచ్చేది ఆ ఒక్క కప్పు. మూడేళ్ళు నిండిన జాడీని ఆ రోజు విప్పుతారు, ఆ రోజే ఖాళీ చేస్తారు. సన్యాసులు దాచుకోకూడదని నియమం. అందువల్ల మఠంలో పాత తొక్క అనేది మిగలదు.

ఒక్క జాడీ తప్ప. అది సామాన్ల గదిలో పై అర మీద ఉంటుంది. చిన్నది, గోధుమరంగుది. దాన్ని గురువు తప్ప ఎవరూ ముట్టరు. ఏటా తనే దించి, తనే ఎండలో పరిచి, తనే మళ్ళీ పైన పెడతాడు. అది మూలగురువు నాటిదని, అందులో ఒక్క రెక్క లక్ష జబ్బులకు మందని శిష్యులు చెవులు కొరుక్కునేవారు.

మూలగురువు రోజు ఇంకా నాలుగు రోజులుంది. జాడీ ఎలా ఉందో చూద్దామని హుయ్‌లిన్ ఆ ఉదయం మూత తీశాడు. రంగు బాగానే తిరిగింది. వాసన చూస్తే ఎండుగడ్డి. కాచి చూశాడు. కప్పులో టీ ఆకు ఉంది, వేడి నీళ్ళున్నాయి, తొక్క ఉన్న జాడే లేదు. తర్వాతి రెండేళ్ళ జాడీలూ విప్పాడు. అవీ అంతే.

ఆ మూడు పంటలూ తన చేతి మీదుగా పండినవే.

హుయ్‌లిన్ కొండల్లో పుట్టినవాడు. తండ్రికి నారింజ తోట ఉండేది. కొమ్మ కత్తిరించడం, ఎరువు వెయ్యడం పదేళ్ళ వయసు నుంచే తెలుసు. పని దొంగ కాదు. తెల్లారేసరికి తోటలో ఉండేవాడు. కానీ కష్టపడేవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఇంత కష్టపడుతున్నాను కదా, తప్పెలా చేస్తాను అనుకుంటాడు.

నాలుగేళ్ళ కింద తోట అతని చేతికి వచ్చింది. మొదటి చలికాలంలోనే అతను ఒక దృశ్యం చూసి అదిరిపడ్డాడు. తోటపని చేసే ముసలి గెన్ గట్టు మీద కూర్చుని, తూముకున్న పలక ఎత్తి, పోటు నీటిని తోట కాలువల్లోకి వదులుతున్నాడు. గెన్ సన్యాసి కాదు. ఆ తోటలో నలభై ఏళ్ళకు పైగా కూలి చేసినవాడు. మనిషి నల్లగా, ఎండిన చేపలా ఉంటాడు. నోరు మహా చెడ్డది.

"ఉప్పునీళ్ళు! చెట్లకు ఉప్పునీళ్ళు పెడుతున్నావా తాతా?" అని అరిచాడు హుయ్‌లిన్.

"లేదు, కాళ్ళు కడుగుతున్నాను," అన్నాడు గెన్.

"మా వైపు పగవాడి తోట చెడగొట్టడానికి చేస్తారు ఈ పని."

"మీ వైపు తోట మీ వైపే ఉంది కొండస్వామీ. ఇది మా వైపు."

పది రోజులకు ఆకుల అంచులు మాడాయి. హుయ్‌లిన్ కడుపు మండింది. చెప్పి చూశాడు. గెన్ వినకపోగా, రోజూ ఒక మాట విసిరేవాడు. "మీ నాన్న చెట్లకు తేనె పోసేవాడా? పడుకునే ముందు జోల పాడేవాడా?" ఒకసారి కూలీలందరి ముందూ అన్నాడు. "కొండల్లో పుట్టిన టీ ఆకు కూడా ఇక్కడికొచ్చి తొక్కతో కలిసిపోయింది. ఈ స్వామి మాత్రం ఇంకా కలవలేదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు హుయ్‌లిన్‌కు ముల్లులా దిగింది. తిన్నగా గురువు దగ్గరికి వెళ్ళాడు. తోటలో గెన్ ఉంటే తాను ఉండలేనని, ఉప్పునీళ్ళు చెట్లకు విషమని, తూము మూసెయ్యక తప్పదని చెప్పాడు. గురువు అంతా విన్నాడు.

"తోట నీ చేతిలో పెట్టాను కదా," అన్నాడు.

హుయ్‌లిన్ దాన్ని అనుమతి అనుకున్నాడు. గెన్‌ను గట్టు అవతల రేవు దగ్గరికి, పడవల మరమ్మతు పనికి పంపించాడు. తూము పలకకు పొడుగాటి ఇనుప మేకులు పన్నెండు కొట్టాడు. సందుల్లో బంకమట్టి మెత్తాడు. పైనుంచి వచ్చే మంచినీటి కాలువ ఒక్కటే ఉంచాడు.

మరుసటి ఏడు తోట కళ్ళు తిప్పుకోనివ్వలేదు. ఆకు మీద మచ్చ లేదు. కాయ పిడికెడు. మొదటి పండు తీసుకెళ్ళి గురువు ముందు పెట్టాడు. గురువు ఒక తొన తిని, "తియ్యగా ఉంది," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని హుయ్‌లిన్ నెల రోజులు గాల్లో నడిచాడు.

తొక్క సంగతి తేలడానికి మూడేళ్ళు పట్టింది. తప్పు చేసిన నాడే దెబ్బ తగిలితే మనిషి బాగుపడడం తేలిక. మూడేళ్ళ తర్వాత తగిలే దెబ్బ మూడేళ్ళ పొగరును కూడా కలుపుకుని తగులుతుంది.

హుయ్‌లిన్ గురువు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మూలగురువు తోటను నేను చంపేశాను. నాలుగు రోజుల్లో ఆరు ఊళ్ళవాళ్ళు వస్తారు. దగ్గుతో పడవ దిగే ముసలివాళ్ళ చేతిలో ఎండుగడ్డి నీళ్ళు పెట్టలేను. నన్ను పంపించెయ్యండి గురువుగారూ. ఇక్కడ ఉండే అర్హత నాకు..."

"మేకులు పీకు," అన్నాడు గురువు.

"ఏమిటి?"

"తూము మేకులు. ముందు అవి పీకు. మధ్యాహ్నం పోటు ఉంది."

హుయ్‌లిన్ లేవలేదు. "మీకు ముందే తెలుసు. ఆ రోజే ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"ఆ రోజు నువ్వు అడగడానికి రాలేదు. చెప్పడానికి వచ్చావు."

హుయ్‌లిన్ తల దించుకున్నాడు. మెల్లగా అన్నాడు. "పై అర మీద మీ జాడీ ఉంది కదా. ఈ ఒక్క ఏడాదికి అందులోంచి కొంచెం..."

"అది ఆ రోజుకు పనికిరాదు," అన్నాడు గురువు. దారం కొరికి, అంగీ దులిపి తొడుక్కున్నాడు. మాట అయిపోయిందని అర్థం.

అంత విలువైనది నా తప్పుకు ఖర్చు పెడతారా అనుకుని హుయ్‌లిన్ సిగ్గుపడ్డాడు. సుత్తి, పట్టకారు తీసుకుని తూము దగ్గరికి నడిచాడు.

మోకాలి లోతు చల్లటి నీళ్ళు. మట్టి గీకేసరికి గోళ్ళు నెత్తురోడాయి. మేకులు తుప్పు పట్టి చెక్కలో కలిసిపోయాయి. ఒక్కొక్కటీ కదిలించి, ఊపి, లాగాలి. ఏడో మేకు ఊడి వచ్చినప్పుడు అతని కన్ను తూము చట్రం మీద ఆగింది. అది ఇనుములాంటి పాత చెక్క. తన మేకు చిల్లు పక్కనే, వేలెడు దూరంలో, ఇంకో చిల్లు ఉంది. పాతది. అంచులు అరిగి, లోపల నాచు పట్టి ఉంది. దాని కింద మరొకటి. నాచు తుడిచి లెక్కపెట్టాడు. అవీ పన్నెండే.

తను కొట్టినవి కావు. ఎవరు కొట్టారో ఆలోచించే తీరిక లేదు. పోటు మొదలయింది.

"కొండస్వామీ! తలుపు కొట్టి లోపలికి రావాలనుకున్న సముద్రానికి ఇన్నాళ్ళకు గొళ్ళెం తీస్తున్నావా?"

గెన్ గట్టు అవతలి వైపు నిలబడి ఉన్నాడు. చేతులకు పడవ తారు అంటుకుని ఉంది.

నాలుగేళ్ళుగా హుయ్‌లిన్ ఆ మనిషితో మాట్లాడలేదు. దూరం నుంచి కనిపిస్తే దారి మార్చేవాడు. ఇప్పుడు నీళ్ళలో నిలబడే రెండు చేతులూ జోడించాడు.

"తాతా, నిన్నొకటి అడగాలి."

"అడుగు. అడగడానికి పన్ను లేదు."

"చెట్లు చచ్చిపోయినట్టేనా?"

గెన్ పెద్దగా నవ్వాడు. "చావడానికి అవేమన్నా సన్యాసులా, చిన్న మాటకే వాడిపోవడానికి? రెండు మూడు చలికాలాలు ఉప్పు తాగితే దారిలో పడతాయి."

"నిజంగానా? నీకెలా తెలుసు?"

"చూశాను," అన్నాడు గెన్. ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పలేదు.

నాలుగు గంటలుగా హుయ్‌లిన్ గుండె మీద కూర్చున్న రాయి కొంచెం జరిగింది. చివరి మేకు లాగి, ఉత్సాహం పట్టలేక పలకను రెండు చేతులతో పైకెత్తబోయాడు.

"ఆగు, ఆగు!" గెన్ గట్టు దిగి పరిగెత్తుకొచ్చాడు. "నాలుగేళ్ళు పస్తులున్నవాడికి కుండెడు అన్నం ఒక్కసారే పెడతావా? జానెడు ఎత్తు. అంతే."

గెన్ వంగి వేలు నీళ్ళలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఊఁ. ఇవాళ ఇంతవరకు చాలు. నువ్వూ చూడు."

హుయ్‌లిన్ వేలు ముంచి చప్పరించాడు.

"ఎలా ఉంది?"

"ఉప్పగా ఉంది."

"ఎంత ఉప్పగా?"

హుయ్‌లిన్ మళ్ళీ వేలు ముంచాడు.

"రేపు పోటుకు మళ్ళీ రా," అన్నాడు గెన్, పలక దించుతూ. "వేలు కడుక్కుని రా."

అప్పుడు హుయ్‌లిన్ రెండో మాట కూడా అడిగేశాడు. జాడీల సంగతి, నాలుగు రోజుల సంగతి. గెన్ అంతా విని తల గోక్కున్నాడు. రమ్మని చెయ్యి ఊపి గట్టు ఎక్కాడు.

రేవు పక్కన, గట్టుకు అవతల, పోటు నీళ్ళు ఎక్కే చోట, గెన్ గుడిసె చుట్టూ ఏడు కమలా చెట్లున్నాయి. పొట్టివి, ముడుతలు పడ్డవి. ఆకుల అంచులు మాడి ఉన్నాయి. కాయలు చిన్నవి. వాటిని హుయ్‌లిన్ రోజూ చూసేవాడు. చూసినప్పుడల్లా, పట్టించుకునే దిక్కులేని చెట్లు అని జాలిపడేవాడు.

గెన్ గుడిసె అటక మీంచి వెదురు బుట్ట దించాడు. మూత తీశాడు.

గుడిసె నిండిపోయింది. ఘాటుగా మొదలై, తీపిగా తిరిగి, చివరికి చల్లగా గొంతులోకి దిగే వాసన. హుయ్‌లిన్ మఠంలో చేరిన ఏడు తాగిన మొదటి కప్పు గుర్తొచ్చింది. కళ్ళు చెమర్చాయి.

"ఏ ఏటి తొక్క ఆ ఏటి బుట్టలో ఉంది," అన్నాడు గెన్. "పలచగా వేస్తే మీ వాళ్ళందరికీ సరిపోతుంది. నువ్వు నన్ను తోలేసిన ఏడే మీ పెద్దస్వామి వచ్చి చెప్పిపోయాడు, నీ చెట్ల తొక్క పారెయ్యకురా అని. ఏటా వచ్చి ఎండాయో లేదో చూసి వెళ్తాడు. ఒక్కసారి కూడా నీ పేరు ఎత్తలేదు."

హుయ్‌లిన్ బుట్టను గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

"ఏడిస్తే తొక్క తడుస్తుంది," అన్నాడు గెన్. "అవతలికి పోయి ఏడు."

మూలగురువు రోజున పడవలు వచ్చాయి. అరుగు నిండా జనం. కప్పులు పంచే ముందు హుయ్‌లిన్ ముందుకొచ్చి నిలబడ్డాడు. గురువు అతన్ని నిలబడమనలేదు, వద్దనీ అనలేదు.

"అమ్మలారా, అయ్యలారా. ఈ టీలోది మఠం తోట తొక్క కాదు. గెన్ తాత చెట్ల తొక్క. నేను తూము మూసేసి మూడేళ్ళ తొక్క పాడు చేశాను. తాత వద్దన్నా వినలేదు." గెన్ కూర్చున్న వైపు చెయ్యి చూపించాడు. "చెట్లు కోలుకుని, వాటి తొక్కకు మూడేళ్ళు నిండేదాకా తాత తొక్కే. ఆ పైన మూలగురువు దయ."

ముందు వరసలో బోసి నోటి ముసలమ్మ ఒకతె గట్టిగా అంది. "అదా సంగతి! ఈ మధ్య మఠం నుంచి గుజ్జు తెస్తుంటే మా గేదెలకు మిగలకుండా మా మనవలే తినేశారు. ఇక ఆ తీపి పోతుందన్నమాట. పాపం పిల్లలు."

అరుగంతా నవ్వింది. గెన్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ముసలమ్మ కప్పు ఎత్తి ఒక గుక్క తాగి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "అమ్మయ్య," అంది. ఆ మాట కోసమే హుయ్‌లిన్ నాలుగు రోజులుగా అన్నం సరిగా తినకుండా ఉన్నాడు. ఆ మధ్యాహ్నం రెండు గిన్నెలు తిన్నాడు.

పడవలన్నీ వెళ్ళాక గురువు అతన్ని సామాన్ల గదికి పిలిచాడు.

"పై అర జాడీ దించు."

హుయ్‌లిన్ పీట ఎక్కి జాడీని దించాడు.

"నీళ్ళు కాచు. మనిద్దరికీ."

ఆకు వేశాడు. జాడీలోంచి ఒక్క రెక్క తీసి, అంత పాత తొక్కను ముట్టుకుంటున్నానన్న భయంతో రెండు వేళ్ళతో జారవిడిచాడు. కప్పులు నింపాడు. గురువు తాగాకే తాగాడు. నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. వాసన వస్తుందని ఆగాడు. ఇంకా ఆగాడు.

ఎండుగడ్డి.

కళ్ళు తెరిచి జాడీ వైపు చూశాడు. మెడ దగ్గర సిరాతో ఏడాది రాసి ఉంది. నలభై రెండేళ్ళ కిందటిది. ఆ అక్షరాలు గురువువి, కుర్రతనపు చేతివి. గురువు మాట తీరు, యాస అంతా ఈ నేలదే కదా అని హుయ్‌లిన్ ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆయన ఎక్కడ పుట్టాడో ఎవరూ అడగలేదు.

"పన్నెండు మేకులూ పీకడానికి నాకు రెండు రోజులు పట్టింది," అన్నాడు గురువు. "నీకెంతసేపు పట్టింది?"

"ఒక పూట, గురువుగారూ."

"నయమే."

గురువు కప్పు చివరి దాకా తాగాడు. హుయ్‌లిన్ కూడా తాగాడు. తర్వాత గురువు, హుయ్‌లిన్ విప్పిన మొదటి జాడీ వైపు గడ్డంతో చూపించాడు.

"దాని మీద ఏడాది రాయి. దీని పక్కన పెట్టు. ఏటా రెండిటికీ ఎండ చూపించే పని ఇక నీది."

హుయ్‌లిన్ రాశాడు. పీట ఎక్కి గోధుమరంగు జాడీని దాని చోట పెట్టాడు. తన జాడీని పక్కన, సరిగ్గా అర మధ్యలో నిలబెట్టి దిగబోయాడు.

"ఇంకొంచెం జరిపి పెట్టు," అన్నాడు గురువు కింద నుంచి. "ఇంకొకరికి చోటుండాలి."